దోమ కడుపులో రక్తమంతా అరిగిపోతుంటే మలేరియా క్రిమి మాత్రం ఎలా బతుకుతోంది?

గుణుపురం_జువాలజీ:
అందరికీ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం, డిగ్రీ రెండో ఏడు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పుస్తకాలేమో ఇంగ్లీషు, అందుకే నా డౌట్ ఇక్కడ తెలుగులోనే అడిగేస్తున్నా. దోమ కుడితే ఎయిడ్స్ రాదు, ఆ వైరస్ దోమ పొట్టలో అరిగిపోతుంది అని క్లాసులో చెప్పారు. బాగుంది. మరి మలేరియా క్రిమి వెళ్లేదీ ఆ పొట్టలోకే కదా, అక్కడున్నవీ అవే ఎంజైమ్‌లు కదా, దానికి మాత్రం ఏమీ కాదా? అడిగితే సిలబస్‌లో లేదు, పరీక్షకి రాదు అన్నారు. పరీక్షకి రాకపోతే పోనీ, మా వీధికి మాత్రం వానలు పడితే చాలు వచ్చేస్తోంది! ఇంకోటి, ఆ ఎంజైమ్‌లనే పనిచెయ్యకుండా ఆపేస్తే దోమ ఏమవుతుంది?

జయపురం_అన్న:
చెల్లెమ్మా, ఏమీ కాదని ఎవరన్నారు? చాలావరకు అరిగిపోతాయి. జ్వరం మనిషి రక్తంలో ఈ క్రిమి రెండు రూపాల్లో ఉంటుంది. ఎర్రకణాల్లో దూరి, పెరిగి, వాటిని పగలగొట్టి చలిజ్వరం తెప్పించేది ఒకటి. దోమ కోసమే తయారై కూర్చునే గామిటోసైట్లు రెండోది. మొదటి రకం దోమ పొట్టలో పడిందంటే ఎర్రకణంతో పాటు అదీ భోజనమే. నిలిచేది రెండో రకం, అందులోనూ ఏవో కొన్ని.

అసలు కిటుకంతా టైమింగ్‌లో ఉంది. ఆడదోమ పూల తేనె తాగితే అది పక్కనున్న చిన్న సంచిలోకి పోతుంది, రక్తం మాత్రం నేరుగా మధ్యపేగులోకి, మనం పొట్ట అంటున్నది దాన్నే. ప్రోటీన్‌ని ముక్కలు చేసే ట్రిప్సిన్ అక్కడ ముందే నిండుగా ఉండదు. ఆఫ్రికాలో మలేరియా మోసే ఎనాఫిలిస్ గాంబియేలో ట్రిప్సిన్ జన్యువులు 7 దొరికాయి, వాటిలో 2 రక్తం పడ్డాకే గట్టిగా పని మొదలెడతాయి, మిగతావి ఖాళీ కడుపులో కూడా కొద్దికొద్దిగా నడుస్తుంటాయి. కైమోట్రిప్సిన్, కార్బాక్సీపెప్టిడేజ్, అమైనోపెప్టిడేజ్ లాంటివి తోడవుతాయి గానీ అరుగుదల పూర్తిగా జోరందుకోవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది.

ఆ రోజులోనే క్రిమి తన పని చక్కబెట్టుకోవాలి. మనిషి ఒంటి వేడి నుంచి దోమ ఒంట్లోకి రాగానే చల్లబడుతుంది, దానికి తోడు దోమలో ఉండే జాంతురెనిక్ ఆమ్లం తగులుతుంది, అంతే, పది పదిహేను నిమిషాల్లో మగ గామిటోసైట్ చీలి సన్నటి మగకణాలు ఎనిమిది బయటికొస్తాయి. ఆడకణంతో కలిశాక వచ్చే పిండం ఒక రోజు అటూ ఇటూగా పాకే రూపానికి మారుతుంది, దాన్నే ఊకైనెట్ అంటారు. అది పొట్ట గోడని తొలుచుకుని అవతలి అంచుకి చేరిపోతుంది, ఇక ఎంజైమ్‌లు దాన్ని అందుకోలేవు. వెనకబడినవన్నీ అరిగిపోతాయి. పైగా దాని ఒంటి మీద పీ25, పీ28 అనే ప్రోటీన్ల పూత ఉంటుంది, ఎలుక మలేరియా క్రిమిలో ఆ రెండూ తీసేసి చూస్తే పొట్ట దాటేవి బాగా తగ్గిపోయాయి. మామూలుగానే గోడ దాటేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ ఒక్కటి దాటినా చాలు, అక్కడ ఊసిస్ట్‌గా ఉబ్బి రెండు వారాలు తిరక్కుండానే మనిషికి ఎక్కే రూపమైన స్పోరోజాయిట్లని వేలల్లో వదులుతుంది, అవి లాలాజల గ్రంథుల్లోకి చేరతాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో డాక్టర్ రొనాల్డ్ రాస్ కంటపడ్డదీ ఈ ఊసిస్టే. పొట్టలోని రక్తంలో కాదు, పొట్ట గోడలో.

ఎయిడ్స్ వైరస్‌కి ఆ గోడ దాటే దారీ లేదు, దోమ కణాల్లో పెరిగే వీలూ లేదు. క్లాసులో చెప్పింది సగం సంగతి.

పర్లాకిమిడి_రిటైర్డ్:
అమ్మా, నేను మలేరియా విభాగంలో దోమలు పట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున టార్చి పట్టుకుని ఇళ్లలో, పశువుల సాలల్లో గోడలు వెతికి, గొట్టంతో పీల్చి దోమని పట్టేవాళ్లం. పొట్ట చూస్తే ఎప్పుడు తాగిందో చెప్పేయొచ్చు. అప్పుడే తాగితే పొట్టంతా ఎర్రగా నిగనిగలాడుతుంది, మర్నాటికి ముందుభాగం నల్లబడి వెనకభాగం తెల్లబడుతుంది, ఆ తెలుపు గుడ్లు. చివరికి నలుపు పోయి పొట్టంతా తెలుపే. రెండు మూడు రోజుల్లో అయిపోయే ఈ వ్యవహారమంతా మీరు చెప్పుకుంటున్న ట్రిప్సిన్ గారి చలవే.

ఇంకోటి చూడండి. ఎనాఫిలిస్ తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది కదా, కుడుతుండగానే దాని తోక చివర ఎర్రటి చుక్క ఊరుతుంది. తాగింది ఎక్కువై కారిపోతోందనుకుంటారు జనం. కాదు, రక్తంలోని నీరు బయటికి పారబోసి లోపల ఎర్రకణాలు దట్టంగా కూరుకుంటోంది, దానికి కావలసింది గుడ్లు పెట్టడానికి ప్రోటీన్, నీళ్లెందుకు. మీ రాయగడ, కోరాపుట్ కొండవాగుల అంచుల్లో పెరిగే ఫ్లూవియాటిలిస్ అనే ఎనాఫిలిస్ రకం మనుషుల్నే వెతుక్కుంటూ వస్తుంది. కులిసిఫేసిస్ అనే ఇంకో రకం అయితే పశువు కనబడితే అటే పోతుంది.

వైజాగ్_బయోకెమ్:
పైన అన్న చెప్పినదానికి ఇంకో ముక్క. రక్తం పడ్డాక దాని చుట్టూ పాల మీద మీగడలా ఒక పొర కడుతుంది, కైటిన్, ప్రోటీన్లు కలిసిన పొర. ఊకైనెట్ ముందు దాన్ని దాటితేనే గోడ దగ్గరికి పోగలదు. అందుకు అది ఆ కైటిన్‌ని కరిగించే కైటినేజ్ అనే సొంత ఎంజైమ్ వదులుతుంది. తమాషా ఏంటంటే 1993లో తేలింది, ఆ కైటినేజ్ పనిచెయ్యని రూపంలో బయటికొస్తుంది, దోమ ట్రిప్సిన్ దాని కొస కోస్తేనే పని మొదలెడుతుంది. అంటే తనని అరిగించడానికొచ్చిన ఎంజైమ్‌తోనే పని చేయించుకుంటోంది, ఎంత ఘటికురాలో చూడండి.

జయపురం_అన్న:
బాగుంది గానీ తమ్ముడూ, అది గాలినేసియం, కోళ్ల మలేరియా క్రిమి, ల్యాబుల్లో ఏడిస్ దోమతో చేసిన పని. మన ఒడిశాలో మనుషులకి ఎక్కువగా తగులుకునే ఫాల్సిపారమ్ అనే మలేరియా క్రిమి కైటినేజ్‌లో ఆ కోసెయ్యాల్సిన ముక్కే లేదు, ట్రిప్సిన్ సాయం లేకుండానే పనిచేస్తుంది. చెల్లెమ్మ నోట్సులో రెండూ కలిపేసి రాస్తే కష్టం.

సిరొంచ_గట్టు:
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహితకి ఇవతల. చదువుల సంగతి నాకు తెల్వదు గానీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఎంజైమ్ ఆపితే దోమ చస్తదా చావదా? దోమతెరలు ఇచ్చిన్రు, మందు కొట్టిన్రు, అయినా అడవిలో పండుకునేటోళ్లకి వస్తనే ఉంది.

వైజాగ్_బయోకెమ్:
అన్నా, ట్రిప్సిన్‌ని ఆపితే ముందు దెబ్బతినేది గుడ్లు. సోయా గింజల్లో ఉండే ట్రిప్సిన్ నిరోధకాన్ని రక్తంలో కలిపి పెడితే దోమలు తక్కువ గుడ్లు పెట్టాయి. చంపడానికి మాత్రం ఇంకో దారి ఉంది. అంత ప్రోటీన్ ఒక్కసారిగా అరిగితే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కుప్పలు తెప్పలుగా వస్తుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని నిటిసినోన్ అనే మందు అడ్డుకుంటుంది, అప్పుడు దోమ తిన్న తిండే దానికి విషం. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బుకి మనుషులు వాడుతున్న మందే అది. 2025లో లివర్‌పూల్ శాస్త్రవేత్తలు ఈ మందు వాడుతున్నవాళ్ల రక్తం ఎనాఫిలిస్‌కి పెట్టి చూస్తే దోమలు చచ్చాయి. మలేరియాకి ఇంకా ఎవరూ ఇవ్వట్లేదు, మందుల షాపుకి పోయి అడక్కండి.

గుణుపురం_జువాలజీ:
అన్నయ్యలిద్దరికీ, మాస్టారికీ థాంక్స్. ఒక్కటి మిగిలింది. జ్వరం తగ్గిపోయినవాళ్లలో కూడా ఆ గామిటోసైట్లు ఉంటాయా? మా ఆశా దీదీ ఆ మధ్య జ్వరం లేనివాళ్లకీ వేలికి పొడిచి పరీక్ష చేసింది, ఊళ్లో అందరూ నవ్వుకున్నారు, బాగున్నోళ్లకి పరీక్షేంటి అని.

పర్లాకిమిడి_రిటైర్డ్:
ఉంటాయమ్మా, నవ్వే పని కాదది. ఫాల్సిపారమ్ గామిటోసైట్ ముదరడానికే పది రోజులు దాటుతుంది, కాబట్టి జ్వరం తగ్గి పొలానికెళ్తున్న మనిషి రక్తంలోనే దోమకి కావలసిన సరుకుంటుంది. దమన్ అనే కార్యక్రమం పెట్టి 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం కొండ ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేయిస్తున్నది ఇందుకే. జ్వరం తగ్గించే మాత్రలు ముదిరిన గామిటోసైట్లని సరిగా చంపవు, దానికి ప్రైమాక్విన్ ఒక్క డోసు విడిగా ఇస్తారు. జ్వరం తగ్గింది కదా అని చాలామంది ఆ మాత్ర గూట్లో పడేస్తారు. గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ అది ఇవ్వకూడదు, దీదీ ఇచ్చినవాళ్లు ఆమె ఎదురుగానే మింగెయ్యాలి.