సల్ఫర్ స్పెల్లింగులో పీ-హెచ్ తప్పా?

మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ థీసిస్ రాస్తోంది. ఇంటర్‌లో నేర్చుకున్నట్టే సల్ఫ్యూరిక్‌ని పీ-హెచ్‌తో రాస్తే స్పెల్‌చెక్ ఎర్రగీత గీస్తోందట. ఇన్నేళ్లూ మనం తప్పు రాశామా?

— తప్పేమీ లేదండీ. ఆ గీత అమెరికా నిఘంటువు గీసింది, అక్కడ ఈ మాటను ఎఫ్‌తో రాస్తారు. సెట్టింగుల్లో భాషను బ్రిటిష్ ఇంగ్లిష్‌కి మార్చి చూడమనండి, గీత పోతుంది. మన పుస్తకాలు బ్రిటిష్ వరవడివి కాబట్టి మన చేతికి పీ-హెచ్ అలవాటైంది.

అయితే ఈ ఒక్క మాటలో న్యాయం ఎఫ్ వైపే ఉందని నేను నమ్ముతాను. ఇంగ్లిష్‌లో పీ-హెచ్ సాధారణంగా గ్రీకు నుంచి వచ్చిన మాటకు గుర్తు. ఫాస్ఫరస్ అచ్చమైన గ్రీకు మాట, వెలుగును మోసేదని అర్థం. మన భాస్వరంలో ఉన్నదీ ఆ వెలుగే. అందుకే అమెరికావాళ్లు కూడా అక్కడ పీ-హెచ్ జోలికి పోలేదు. సల్ఫర్ అలా కాదు, అది లాటిన్ మాట. లాటిన్ రాసేవాళ్లు దాన్నీ గ్రీకు మాటలా కనిపించేట్టు చేసి పీ-హెచ్ తగిలించారు. గంధకానికి గ్రీకువాళ్ల మాట థైయాన్. గంధకం ఉన్న థయోయూరియా అనే రసాయనం పేరులోని థయో అదే. థయోసల్ఫేట్ అంటే చూడండి, ఒకే పేరులో గంధకాన్ని గ్రీకులో ఒకసారి, లాటిన్‌లో ఒకసారి పిలుస్తున్నాం!

1990లో ఐయూపాక్, అంటే రసాయనాల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ, ఎఫ్‌నే ఖాయం చేసింది. 1992లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ కూడా ఆ దారికే వచ్చింది. అల్యూమినియం దగ్గర మాత్రం ఐయూపాక్ ‘అల్యూమినం’ అనే అమెరికా రూపాన్ని ముందు పెట్టలేదు, 1993లో దాన్ని ప్రత్యామ్నాయంగా ఒప్పుకుంది. చిత్రమేమిటంటే, 1812లో అమెరికా రూపాన్నే వాడినవాడు ఇంగ్లండ్‌వాడైన రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. సీజియం అనే లోహం స్పెల్లింగు కూడా అంతే: అమెరికాలో ఉత్త ఈ, ఐయూపాక్‌లో ఏ-ఈ.

అమ్మాయికి నా సలహా ఒకటే. డిపార్ట్‌మెంట్ ఏ రూపం అడిగితే అది తీసుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా దానికే కట్టుబడమనండి. కానీ మొత్తం ఒకే దెబ్బలో మార్చేయొద్దు. రిఫరెన్సుల్లో పాత వ్యాసాల శీర్షికలు ఎలా అచ్చయ్యాయో అలాగే ఉండాలి.

— మాస్టారూ, మరి తెలుగులో రాస్తే?

— తెలుగులో ఈ తగువే లేదండీ, రెండింటికీ ఒకటే ‘ఫ’. అల్యూమినియం అని బ్రిటిష్ పలుకే మనకి స్థిరపడింది. ఇంట్లో అయితే సత్తు గిన్నె, సిల్వరు గిన్నె అంటాం, ఏ స్పెల్లింగుతోనూ పని లేదు.

నాకు భయం ఎర్రగీత పడని తప్పుల గురించే. సల్ఫేట్, సల్ఫైట్, సల్ఫైడ్ మూడూ స్పెల్‌చెక్‌కి సరైన మాటలే. ఒకదాని బదులు ఇంకొకటి పడితే అది నోరెత్తదు. కానీ సల్ఫేట్‌లో ఆక్సిజన్ పరమాణువులు నాలుగు, సల్ఫైట్‌లో మూడు, సల్ఫైడ్‌లో అసలే లేవు. పర్-అయోడిక్ ఆమ్లం పేరు ఇంగ్లిష్‌లో రాస్తే పీరియాడిక్ టేబుల్‌లోని పీరియాడిక్‌లాగే ఉంటుంది, అక్షరం తేడా లేదు. అర్థం తెలిసినవాళ్లే విడదీసి చదవగలరు.

— ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అనే కర్బన సమ్మేళనాల పేర్ల దగ్గర నాకిప్పటికీ తికమకే.

— తెలుగులో రాసుకుని పైకి చదవండి. కే, కీ, కై. ఇంగ్లిష్‌లో ఏ, ఈ, వై అనే ఒక్క అక్షరంలో దాక్కున్న తేడా మన గుణింతంలో చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. కే అంటే కార్బన్ల మధ్య అన్నీ ఏక బంధాలే, కీ అంటే ఎక్కడో ద్విబంధం ఉంది, కై అంటే త్రిబంధం. థీసిస్ చివరిసారి సరిచూసేటప్పుడు మీ అమ్మాయిని కూడా ఈ పేర్లన్నీ ఇలా పైకి చదవమనండి.