కొలంబియా గార్జ్: పార్కింగ్ అనుమతి దొరకకపోతే జలపాతాలు చూడలేమా?

హిల్స్‌బరో వాసి:
అమ్మానాన్నలు వచ్చారు. జూలైలో ఒక శనివారం ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ దగ్గరి కొలంబియా నది లోయ, అదే కొలంబియా గార్జ్, చూపిద్దామంటే, మల్ట్నోమా జలపాతం పార్కింగుకు ఆ రోజు అనుమతులు అయిపోయాయి. మా దగ్గర జాతీయ పార్కుల వార్షిక పాసు ఉంది, పనికొస్తుందా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. పైగా ఎండాకాలంలో నీళ్లెక్కడ ఉంటాయని అమ్మ అనుమానం.

పాతకాపు:
పాసు అక్కరకు రాదండీ. గార్జ్ జాతీయ పార్కు కాదు. 1986 చట్టంతో రక్షణ కల్పించిన ప్రాంతం. లోపల ఊళ్లు, రైలు మార్గం, ఐ-84 రహదారి అన్నీ ఉన్నాయి. గేటు లేదు, ప్రవేశ రుసుమూ లేదు. మీకు దొరకని అనుమతి ఐ-84 మీది 31వ ఎగ్జిట్ (రహదారి నుంచి బయటికి దిగే దారి) దగ్గరి పార్కింగు ఒక్కదానికే, అదీ వేసవిలో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య వచ్చే కార్లకే. ఎనిమిదిన్నరకల్లా చేరితే ఎవరూ అడగరు. ఆ ఎగ్జిట్ ఎడమవైపు ఉంటుంది. అలవాటు కొద్దీ కుడి లేనులో వెళ్తే దాటిపోతారు.

అమ్మగారికి చెప్పండి, మల్ట్నోమాకు ఊట నీరు కూడా ఉంది, ఏడాదంతా పడుతుంది. వసంతంలోని ఉధృతి మాత్రం ఉండదు.

బస్సు ప్రయాణికుడు:
పోర్ట్‌లాండ్‌లో గేట్‌వే స్టేషన్ నుంచి కొలంబియా గార్జ్ ఎక్స్‌ప్రెస్ బస్సు నేరుగా మల్ట్నోమాకు వెళ్తుంది. బస్సులో వచ్చేవారికి అనుమతి అక్కర్లేదు. కారు కంటే అదే హాయి.

కొండబాట:
కుర్రాళ్లకు హాయే. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు నేనైతే కారే అంటాను, ఎందుకంటే బస్సు పాత రహదారి (హిస్టారిక్ కొలంబియా రివర్ హైవే) మీద ప్రతి జలపాతం దగ్గరా ఆగదు, గార్జ్ అందమంతా ఆ రోడ్డులోనే ఉంది. 1913లో మొదలుపెట్టి 1922కు పూర్తి చేసిన రోడ్డది. రాతి పిట్టగోడలు, కొండ అంచునే సాగే మలుపులు. ఇంజనీరు శామ్యూల్ లాంకాస్టర్ దారిని వేగం కోసం కాక చూడటం కోసమే మలిచాడనిపిస్తుంది.

ఎనిమిదిన్నరకు మల్ట్నోమా చూసేయండి. 620 అడుగుల ధార రెండు అంచెలూ లాడ్జి ముందు నుంచే కనిపిస్తాయి. తర్వాత ఐ-84 మీద తూర్పుగా 35వ ఎగ్జిట్‌కు వెళ్లి, అక్కడ పాత రహదారి ఎక్కి పడమరగా తిరగండి. హార్స్‌టెయిల్ జలపాతం రోడ్డు పక్కనే పడుతుంది, కారులోంచి చూసినా చాలు. వాకీనా కూడా దాదాపు అంతే. లటూరెల్‌కు కాస్త నడక ఉంది. చివర క్రౌన్ పాయింట్ అనే కొండ కొమ్ము మీద విస్టా హౌస్, లోయ చూసేందుకు కట్టిన భవనం. అక్కడ నది 733 అడుగుల కింద ఉంటుంది, గాలి తోసేస్తుంది, అమ్మగారికి శాలువా ఉంచండి. మధ్యాహ్నానికి మల్ట్నోమా ముందు పాత రోడ్డు మీద కార్లు కదలవు, ఆలోపే దాటేయాలి.

హిల్స్‌బరో వాసి:
ధన్యవాదాలండీ. మల్ట్నోమా ఫొటోల్లో చూసిన వంతెన దాకా వెళ్లాలని నాన్నగారి పట్టుదల. కుదురుతుందా?

కొండబాట:
బెన్సన్ వంతెనకు దూరం పావు మైలే, తారు దారే, కానీ అంతా ఎక్కుడే. కింది వేదిక దగ్గర ఆపేయండి, తుంపర అక్కడికీ వస్తుంది.

ఒక మాట, ఆయన తప్పక అడుగుతారు: ఇన్ని జలపాతాలు ఒకేచోట ఎందుకున్నాయని. మంచు యుగం చివర మంచు ఆనకట్ట తెగి ఒక పెద్ద సరస్సు నీళ్లు ముంచెత్తిన మిస్సౌలా వరదలు ఈ లోయ గోడలను నిలువునా కోసేశాయి. పక్కవాగులు పైనే వేలాడిపోయి ఇప్పుడు దూకుతున్నాయి. మోడువారిన నల్లటి చెట్లు 2017 సెప్టెంబరు మంటలవి. ఓ కుర్రాడు విసిరిన బాణాసంచాతో అంటుకుంది.

పాతకాపు:
ఓపిక మిగిలితే తూర్పున రొవీనా క్రెస్ట్ అనే కొండ మీది వ్యూపాయింట్ దాకా పోనివ్వండి. అడవి పోయి ఎండుగడ్డి కొండలు వస్తాయి, ఒకే లోయ అంటే నమ్మరు. పూలు ఏప్రిల్, మే నెలల్లోనే, జూలైలో ఆశపడకండి. పాసుపోర్టులు, సంచులు కారులో వదలొద్దు. గార్జ్ పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టే దొంగతనాలు మామూలే.