అనువాదకుడి కాగితాల్లోంచి షాపు మిత్రుడి ఉత్తరాలు విడదీయాలా?

గౌతమీతీరం:
అమలాపురం దగ్గర ఒక అనువాదకుడి ఇంట్లో ట్రంకు పెట్టె నిండా కాగితాలున్నాయి. బెంగాలీ నవలల అనువాదాల చేతిరాత ప్రతులు, రాజమండ్రిలో పుస్తకాల షాపు నడిపిన మిత్రుడి కార్డు ముక్కలు, ఇన్‌లాండ్ కవర్లు, ఈయన జవాబుల కార్బన్ కాపీలు, వి.పి.పి. (పోస్టుమాన్‌కి డబ్బు కట్టి తీసుకునే పార్సెల్) రసీదులు, అన్నీ కలగలిసి ఉన్నాయి. ఇంటివాళ్ళు గ్రంథాలయానికి ఇచ్చేద్దామనుకుంటున్నారు. షాపాయన మనవలేమో "తాతగారి ఉత్తరాలు మాకిచ్చేయండి" అంటున్నారు. ఇచ్చేయడమే న్యాయమని నా మాట. రాసింది ఆయన, పైగా షాపు చరిత్ర రాసేవాళ్ళకి అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

పాతకాగితం:
వద్దండీ. అందుకున్నవాళ్ళది కాగితం, రాసినవాళ్ళదీ వాళ్ళ వారసులదీ అందులోని రాత మీద హక్కు. అసలు కాగితం చేతిలో లేకపోయినా, ఉత్తరాలు అచ్చువేసే హక్కు మనవలకు ఉండనే ఉంది. వాళ్ళకు కావలసింది మంచి స్కాన్.

పైగా ఆ ఉత్తరాలు ఒంటరిగా అర్థం కావు. "అడిగిన మూలప్రతి పంపాను" అని కార్డులో ఒక్క ముక్క ఉంటుంది. ఏ పుస్తకమో దానికి గుచ్చిన రసీదు చెబుతుంది, అందిందో లేదో కార్బన్ కాపీ చెబుతుంది. గుండుసూది తీసి మనిషి పేరున సర్దితే ఆ మూడింటి లంకె అక్కడితో తెగినట్టే. అందుకని సూది ముట్టుకోకముందే, ఉన్న వరసలోనే ప్రతి కాగితం మూలన 2బి పెన్సిలుతో నెంబరు వెయ్యాలి. తుప్పుపట్టిన సూదిని లాగితే కాగితం చిరుగుతుంది. రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా జార్చాలి.

వశిష్ఠ:
వరస చెడకూడదన్నంతవరకు పాతకాగితం గారితో ఏకీభవిస్తాను. కానీ గౌతమీతీరం గారు చెప్పిన ఇబ్బందీ నిజమే. "అనువాదకుడి కాగితాలు" అని ఒక్క అట్ట అంటించి బీరువాలో పెడితే అందులో షాపు సంగతులున్నాయని ఎవరికి తెలుస్తుంది? కాగితాలు కదపకుండా షాపాయన పేరున విడిగా పట్టిక రాయండి: నెంబరు, తేదీ, ఊరు, ప్రస్తావించిన పుస్తకం. ఈ నాలుగు గళ్ళు చాలు.

తేదీల దగ్గరే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. "ప్లవ మాఘం" అని ఉంటే 1961 అని రాసేస్తారు. ప్లవ ఉగాది 1961 మార్చిలో వచ్చింది, మాఘం వచ్చేసరికి 1962 ఫిబ్రవరి. ఏడాది వెనక్కి పడితే జవాబు ముందు, ప్రశ్న తర్వాత అయిపోతుంది. తేదీయే లేకపోతే తపాలా ముద్ర చూడండి. అదీ చెరిగిపోతే, చిరునామాలో పిన్‌కోడ్ ఉన్న కవరు 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. ధర "న.పై."లలో, అంటే నయా పైసల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కి ముందుది కాదు. 1964లో "నయా" తీసేశారు గానీ, అలవాటుకొద్దీ ఆ తర్వాతా కొన్నాళ్ళు రాసినవాళ్ళుంటారు. దాన్ని పై హద్దుగా పట్టుకోకండి.

గౌతమీతీరం:
సరే, అసలు ఉత్తరాలు కలిసే ఉండనిద్దాం. స్కాన్లు మాత్రం అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి కదా? దాచుకుంటే గ్రంథాలయానికి ఇచ్చి ఏం లాభం?

పాతకాగితం:
భద్రపరచడానికి స్కాన్ చేసుకోవడం వేరు, లోకానికి చూపడం వేరు. తన దగ్గరున్న ప్రతిని ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడానికి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి కాపీరైటు చట్టం వెసులుబాటు ఇస్తుంది. బయటపెట్టాలంటే వారసుల సంతకం కావాలి. రచయిత బతికుండగా అచ్చుకాని రచనకు 60 ఏళ్ళ లెక్క అచ్చయిన మరుసటి ఏడాదిలో మొదలవుతుంది కాబట్టి, "ఆయన పోయి చాలా కాలమైంది" అన్న వాదన నిలవదు. మనవలు స్కాన్లు తీసుకునేటప్పుడే ఒప్పందం రాయించుకోండి.

ఇంకో మాట. షాపు ఉత్తరాల్లో బాకీలుంటాయి, ఎవరు డబ్బు కట్టలేదో పేర్లతో సహా. ఆ పేజీలు కొన్నేళ్ళు మూసి ఉంచాలని నా పట్టు. ఆ కుటుంబాలు అదే ఊళ్ళో ఉన్నాయండీ.

వశిష్ఠ:
బాకీ పేజీలు పూర్తిగా మూసేయడానికి నేను ఒప్పుకోను. పుస్తకాల వ్యాపారం ఎలా నడిచిందో తెలిసేది అక్కడే. అంకెలు చూపించి పేర్లు కప్పిన నకలు చదవనివ్వచ్చు.

వీటన్నిటికంటే ముందు ఆ పెట్టెను గోడ వారనుంచి తీయించండి. వానాకాలం డెల్టా చెమ్మకి బూజు పట్టడం ఖాయం. లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు. నాఫ్తలీన్ ఉండల వాసనకి వెండిపురుగుల గుడ్లు చావవు. పురుగు కనిపిస్తే కట్టను పాలిథిన్ సంచిలో గాలి చొరబడకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే కాగితం మీద నీరు పడుతుంది, ఊదారంగు ఇంకు పెన్సిలు రాత మొత్తం కారిపోతుంది. షాపుల్లో ఆ పెన్సిలు వాడకం ఎక్కువే కాబట్టి ముందు ఆయన కార్డులే చూడండి.

గౌతమీతీరం:
పెట్టె అటక మీద ఉందండి. రేపు దింపమని చెబుతాను. బాకీ పేజీల సంగతి మనవలనీ అడగాలి.