సంతకం, ఆమోదం, ధ్రువీకరణ: ఒప్పందాల చర్చలో ఏ మాట ఎక్కడ?

ప్రశ్న:
అంతర్జాతీయ ఒప్పందాలను ప్రభుత్వం ఎలా రాటిఫై చేయాలనే దానిపై బ్రిటన్ పార్లమెంటులో జరిగే చర్చను తెలుగు చేయాలి. 'రాటిఫై' వచ్చిన ప్రతిచోటా 'ఆమోదించు' అంటే సరిపోతుందా? 'సభ ఆమోదించకపోయినా ప్రభుత్వం ఆమోదించవచ్చు' లాంటి వాక్యాలు వచ్చి అర్థం చెడుతోంది. కొందరు వాడే 'అనుసమర్థన' మేలంటారా?

జవాబు 1:
సరిపోదండీ. రాటిఫై చేసేది పార్లమెంటు కాదు, ప్రభుత్వం. ఒప్పందాల చట్టంపై 1969 నాటి వియన్నా ఒడంబడిక రెండో అధికరణం దీన్ని అంతర్జాతీయంగా చేసే చర్యగానే నిర్వచించింది: 'ఈ ఒప్పందానికి మేం కట్టుబడతాం' అని ఒక దేశం మిగతా దేశాలకు తెలపడం. సభలో ఓటింగు ఆ దేశపు సొంత ఏర్పాటు. అందుకే సభ చేసేదానికి 'ఆమోదం', ప్రభుత్వం చేసేదానికి 'ధ్రువీకరణ' అని విడదీసి వాడండి.

బ్రిటన్ విషయంలో 'ఆమోదం' కూడా ఆచితూచి వాడాలి. 2010 నాటి రాజ్యాంగ సంస్కరణ, పాలన చట్టం ప్రకారం మంత్రి ఒప్పందం ప్రతిని పార్లమెంటు ముందుంచాలి. 21 పనిదినాల్లో ఏ సభా వద్దని తీర్మానించకపోతే ప్రభుత్వం ధ్రువీకరించవచ్చు. అంటే సభ 'సరే' అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ప్రజలు ఎన్నుకునే దిగువ సభ అయిన కామన్స్ సభ వద్దంటే, అయినా ఎందుకు ధ్రువీకరించాలో మంత్రి ప్రకటన ఇస్తారు, మరో 21 పనిదినాలు మొదలవుతాయి. సభ మళ్లీ వద్దనవచ్చు, గడువు మళ్లీ మొదలవుతుంది. ఎగువ సభ అయిన లార్డ్స్ సభ ఒక్కటే వద్దంటే మాత్రం మంత్రి ప్రకటన ఇచ్చి ముందుకు వెళ్లవచ్చు.

ఇక్కడ 'పనిదినం' అంటే రెండు సభలూ సమావేశమైన రోజు. '21 రోజులు' అని రాస్తే తప్పు. మధ్యలో విరామం వస్తే అది నెలలు పట్టవచ్చు.

అసలు వివాదమంతా ఆ 'ఊరుకుంటే చాలు' దగ్గరే ఉంది. కామన్స్ సభలో ఏ రోజు ఏ అంశం రావాలో చాలావరకు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. చర్చకు సమయం ఇవ్వకపోతే ఓటే జరగదు, గడువు తీరిపోతుంది. అలాంటి ఒప్పందాన్ని 'పార్లమెంటు ఆమోదించింది' అని తెలుగులో రాస్తే, సభ్యులు లేదని మొత్తుకుంటున్న అధికారాన్ని మనమే వాళ్లకు కట్టబెట్టినట్టు!

జవాబు 2:
అమెరికా వార్తల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 'సెనేట్ ధ్రువీకరించింది' అని రాస్తారు. హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే సెనేట్ సమ్మతి తెలిపినట్టు. ఆ తర్వాత ధ్రువీకరించేది అధ్యక్షుడు. అక్కడికి 'సమ్మతి' చక్కగా అతుకుతుంది.

భారత రాజ్యాంగంలో ప్రతి ఒప్పందాన్నీ సభ ఓటుకు పెట్టాలన్న నియమం లేదు. 253వ అధికరణం ఒప్పందాన్ని అమలు చేసే చట్టాలు చేయడానికి పార్లమెంటుకు అధికారం ఇస్తుంది. దేశ భూభాగాన్ని వదులుకోవాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో బేరుబారి (పాకిస్తాన్‌కు కొంత భాగం ఇవ్వాలనుకున్న పశ్చిమ బెంగాల్ ప్రాంతం) వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది. బంగ్లాదేశ్‌తో భూసరిహద్దు ఒప్పందంపై 1974లో సంతకాలైనా, భారత్ ధ్రువీకరించింది 2015లో, 100వ సవరణ తర్వాతే. 'సంతకం చేసింది', 'ధ్రువీకరించింది' ఒకటి కావని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జవాబు 3:
'అనుసమర్థన' హిందీ పరిపాలనా పదం. తెలుగులో 'సమర్థన' అనగానే వెనకేసుకురావడమే గుర్తొస్తుంది, కాబట్టి వద్దు. 'ధ్రువీకరణ'కూ ఒక చిక్కుంది. 'ధ్రువీకరణ పత్రం' అంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లాంటిదే మనసులో మెదులుతుంది. క్రియగా 'ధ్రువీకరించింది' వాడి, పత్రం ప్రస్తావన వచ్చినచోట 'కట్టుబడతామని తెలిపే పత్రాన్ని ఐక్యరాజ్య సమితికి అందజేసింది' అని విప్పి రాస్తే మేలు.

అమలు తేదీ కూడా వేరని గమనించండి. పారిస్ వాతావరణ ఒప్పందాన్ని భారత్ 2016 అక్టోబరు 2న ధ్రువీకరించింది. కనీసం 55 పక్షాలు, ప్రపంచ ఉద్గారాల్లో కనీసం 55 శాతం వాటాతో చేరాలన్న షరతు నెరవేరాక, అది అమల్లోకి వచ్చింది నవంబరు 4న.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆ వాక్యాన్ని 'లార్డ్స్ సభ అభ్యంతరం చెప్పినా, మంత్రి కారణాలు తెలిపి ఒప్పందాన్ని ధ్రువీకరించవచ్చు' అని మారుస్తున్నాను. మరి ఒప్పందాల్లో వచ్చే 'రిజర్వేషన్'?

జవాబు 1:
అలాగే ఉంచితే కోటా అనుకుంటారు. ధ్రువీకరిస్తూనే 'ఫలానా నిబంధన మాకు వర్తించదు' అని చెప్పడం కదా, 'మినహాయింపు' అనండి. కొన్ని ఒప్పందాలు మినహాయింపులను ఒప్పుకోవు. పారిస్ ఒప్పందం 27వ అధికరణం అలాంటిదే.