చర్చ: మెడ, భుజాలు పట్టేస్తే మసాజ్ పనిచేస్తుందా? థెరపిస్ట్‌ని ఎలా ఎంచుకోవాలి?

కీబోర్డు_కూలీ
రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి మెడ, భుజాల నొప్పి మసాజ్‌తో తగ్గుతుందా? ఎన్నాళ్ళకోసారి చేయించుకోవాలి? మంచి థెరపిస్టో కాదో ముందే ఎలా తెలుస్తుంది? నూనెతోనా, పొడిగానా?

గట్టిచెయ్యి
తగ్గుతుంది, కానీ గట్టిగా నొక్కేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. పైపైన రాసి వదిలేస్తే డబ్బు దండగ. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నొక్కితేనే ముడి విడుతుంది, పేరుకున్న లాక్టిక్ యాసిడ్ కదులుతుంది. తర్వాత 2 లీటర్ల నీళ్ళు తాగితే మలినాలన్నీ పోతాయి.

ఫిజియో_సుధ
లాక్టిక్ యాసిడ్ మాట దయచేసి ఇక వదిలేయండి. పరుగెత్తి ఆగినా గంటా గంటన్నరలో శరీరమే దాన్ని వాడేసుకుంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి మెడలో అది పేరుకోవడమేమిటి? అలవాటు లేని వ్యాయామం చేశాక 24 నుంచి 72 గంటల మధ్య వచ్చే నొప్పి కండరం పోగులు కాస్త దెబ్బతినడం వల్ల వచ్చేది. మసాజ్ దాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే.

ఇక నొప్పి సంగతి. నొప్పికి 10కి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. 6 దాటిందంటే ఊపిరి బిగబడుతుంది, భుజం చెవి వైపు లేస్తుంది, కండరం ఇంకా బిగుసుకుంటుంది. ఆ బిగువు మీదే మళ్ళీ నొక్కితే మర్నాటికి కమిలిపోవడమే మిగులుతుంది.

గట్టిచెయ్యి
సుధ గారూ, గట్టి చెయ్యి కావాలని అడిగి మరీ వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళందరికీ ఏమీ తెలియదంటారా?

ఫిజియో_సుధ
అడిగినంత మాత్రాన కండరం ఒప్పుకోదండీ. మోటుగా నొక్కితే కండరం చితికి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారి, కిడ్నీల దాకా వెళ్ళిన కేసులు అరుదుగానైనా ఉన్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పద్ధతి చెప్తాను, రాసుకోండి. మెడకీ భుజం కొసకీ మధ్య కండరాన్ని బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య పట్టుకోవాలి. సలుపు తగిలిన చోట ఆగి, 30 నుంచి 60 సెకన్లు అదే ఒత్తిడితో ఉంచాలి. మనిషి ఊపిరి వదులుతుంటే నొప్పి 6 నుంచి 3కి దిగుతుంది. దిగకపోతే ఇంకా నొక్కకూడదు, వదిలేసి పక్కకు జరగాలి. పుర్రె అడుగు అంచున ఉండే చిన్న కండరాలు, కాలర్ ఎముక కింద ఛాతీ కండరాలు కూడా వదులు చెయ్యాలి. వాటిని ముట్టుకోకుండా మెడ వెనకే తోమితే రెండు రోజుల్లో నొప్పి మళ్ళీ మొదటికొస్తుంది.

నీలిసిర
మీరిద్దరూ వాదించుకోండి గానీ, ముందు ఎవరికి చెయ్యకూడదో ఎవరైనా చెప్పారా? ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అక్కడ చెయ్యి పెట్టకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి గట్టి ఒత్తిడి వద్దు. మోకాలి వెనక గుంటలో, గజ్జల్లో లోతుగా నొక్కకూడదు. మెడ ముందు నాడి కొట్టుకునే చోట నొక్కితే గుండె వేగం పడిపోయి స్పృహ తప్పొచ్చు. మెడ పట్టి టకీమని తిప్పేవాళ్ళుంటే లేచి వచ్చేయండి.

గట్టిచెయ్యి
సరే, ఇది మాత్రం ఒప్పుకుంటాను. మరి నీళ్ళు తాగితే తప్పేంటి?

ఫిజియో_సుధ
దాహమైతే తాగండి. మసాజ్‌తో మలినాలు ఊడి రావు. ఆ పని కాలేయం, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉన్నాయి. తర్వాత చెయ్యాల్సింది వేరే ఉంది: పక్కకు తిరిగి, లేచి, ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడాలి. బీపీ కాస్త తగ్గి ఉండొచ్చు కాబట్టి గబుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చు.

దుప్పటి_హక్కు
థెరపిస్ట్‌ని ఎంచుకోవడం గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఫోన్‌లోనే అడగండి: ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని గంటల శిక్షణ, మీ దగ్గర లైసెన్సు తప్పనిసరైతే అది ఉందా. ఆపరేషన్లు, మందులు, గర్భం, అలర్జీ గురించి అడగకుండానే మంచం ఎక్కించేవాళ్ళు వద్దు. చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్ళంతా కప్పి ఉంచాలి. "ఆపండి" అంటే ఆ క్షణమే ఆపాలి, ఎందుకని వాదించకూడదు. డిస్క్ సర్దేస్తాం, షుగర్ తగ్గిస్తాం అన్నారంటే అక్కడికి వెళ్ళకండి. పొడవాటి గోళ్ళు, వేలికి ఉంగరం కనిపించినా అంతే.

తెల్లతువ్వాలు
నూనె మాట: ఒళ్ళంతటికీ 20, 30 మి.లీ. చాలు. లోతుగా చెయ్యాలంటే ఇంకా తక్కువ, లేకపోతే వేళ్ళు జారి పట్టు దొరకదు. బాదం నూనె అయితే అలర్జీ ఉందేమో ముందే అడగాలి.

నూనె తువ్వాళ్ళ విషయంలో చాలామంది జాగ్రత్తపడరు. సరిగా ఉతక్కుండా డ్రైయర్‌లో వేసి, వేడిగా తీసి, దొంతర పెడితే మిగిలిన నూనె గాలి తగిలి వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. వేడినీళ్ళలో సబ్బు బాగా పోసి ఉతకాలి, పూర్తిగా చల్లారాకే మడత పెట్టాలి.

కీబోర్డు_కూలీ
అందరికీ థ్యాంక్స్. ఎన్నాళ్ళకోసారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫిజియో_సుధ
వారానికోసారి, 30 నిమిషాలు మెడ, భుజాలకే, 4 వారాలు చూడండి. ఏ మార్పూ లేకపోతే ఆపేసి కారణం వెతకాలి. మసాజ్ ఇచ్చే ఉపశమనం కొన్నాళ్ళే. భుజాలకు బలం తెచ్చే వ్యాయామం లేకుండా నిలవదు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గినా మసాజ్ కంటే ముందు డాక్టర్.

గట్టిచెయ్యి
మసాజ్ గన్, అదే కండరాన్ని టకటకా కొట్టే చేతి మెషిన్, కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు కదా?

నీలిసిర
కొనుక్కోండి, మెడ ముందు మాత్రం పెట్టొద్దు. వెన్నెముక మీద, ఎముక మీద కూడా వద్దు. అన్నిటికంటే తక్కువ వేగంతో, ఒక్కో కండరానికి నిమిషం, రెండు నిమిషాలు. అదిమిపట్టక్కర్లేదు, దాని బరువే చాలు.