పాత హంబకర్లు గుర్తించడం, పాట్‌లు మార్చడం: తెలిసినవాళ్లు చెప్పండి

తీగలపిచ్చి: సెకండ్ హ్యాండ్‌లో పాత గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొన్నాను. రెండు హంబకర్లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే రెండు కాయిల్స్ పికప్‌లు), నికెల్ కవర్లు. అడుగున స్టిక్కర్ మీద పేటెంట్ నంబర్ 2,737,842 అని ఉంది. నెక్ పికప్ అసలు పలకడం లేదు, బ్రిడ్జ్‌ది మొద్దుగా వినిపిస్తోంది. లోపల సామానంతా మార్చేయమంటున్నారు. మార్చేయనా?

సోల్డర్‌పొగ: ఆగండి బాబూ! ఆ నంబర్ హంబకర్‌ది కానే కాదు, లెస్ పాల్ టెయిల్‌పీస్ పేటెంట్‌ది. గిబ్సన్ హంబకర్ రూపొందించిన సేథ్ లవర్ పేటెంట్ నంబర్ 2,896,491. అయినా హంబకర్ల మీద 'పేటెంట్ అప్లైడ్ ఫర్' స్టిక్కర్ పోయి మీరు చెప్పిన 2,737,842 స్టిక్కరే వచ్చింది 1962 ప్రాంతంలో. కానీ స్టిక్కర్లకు నకిలీలు చాలా ఉన్నాయి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. వెనక మూత తీసి పాట్‌ల (నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు) మీద అంకెలు చూడండి. మొదట 137 ఉంటే తయారుచేసిన కంపెనీ సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతది సంవత్సరం, చివరి రెండంకెలు వారం.

తీగలపిచ్చి: మూడింటి మీద 1376633. బ్రిడ్జ్ వాల్యూమ్ పాట్ మీద మాత్రం ఏమీ లేదు, దాని సోల్డర్ కొత్తగా మెరుస్తోంది. నాబ్‌లన్నీ 10లో పెట్టి జాక్ దగ్గర మీటర్‌తో చూశాను. బ్రిడ్జ్ 7.4 కే (కిలో ఓమ్‌లు), నెక్ 480 కే.

పాతవైరు: 1966, 33వ వారం. అది పాట్ తయారైన వారం అండీ, గిటార్ అంతకన్నా తర్వాతే. 480 చూసి కంగారు పడకండి. అది పికప్ రీడింగ్ కాదు, 500 కే పాట్‌ది. అంటే పికప్ దారి ఎక్కడో తెగింది. ముందు పాట్ దగ్గర పికప్ వైరు జాయింట్ చూడండి. కాయిలే తెగినా రీవైండ్ చేసేవాళ్లు (తీగ మళ్లీ చుట్టేవాళ్లు) ఉన్నారు, పారేయకండి. బాబిన్ (కాయిల్ చుట్టే చట్రం) మీద ఆ కాలపు 'టీ' గుర్తుందా అని చూడ్డానికి కవర్ మాత్రం ఊడదీయొద్దు. ఫ్యాక్టరీ సోల్డర్ కదిలితే విలువ పడిపోతుంది.

ఆరోతీగ: ఆ కొత్త పాట్ 250 కే అయ్యుంటుంది, కొలిచి చూడండి. వాల్యూమ్ పాట్ ఎప్పుడూ సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్యే ఉంటుంది కదా, దాని విలువ తగ్గేకొద్దీ పికప్ రెజొనెన్స్ అణిగిపోయి శబ్దం మొద్దుబారుతుంది. సింగిల్ కాయిల్ పికప్‌కు 250 కే, హంబకర్‌కు 500 కే వాడటం అందుకే. ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్‌లో ఏకంగా 1 మెగా ఓమ్! అయితే 1970లలో గిబ్సనే 300 కే పాట్‌లు వేసింది. కాబట్టి 'ఒరిజినల్ విలువే పెట్టాలి' అని పట్టుబడితే ఒక్కోసారి ఆ మొద్దు శబ్దమే ఒరిజినల్ అవుతుంది.

సోల్డర్‌పొగ: టోన్ కెపాసిటర్‌కు 0.022 మైక్రోఫారడ్ చాలు. పాత బంబుల్‌బీ కెపాసిటర్లకు డబ్బు పోయకండి, చాలావాటికి లీకేజీ ఉంటుంది.

పాతవైరు: అక్కడ మీతో ఏకీభవించను. బాగున్న పాత కెపాసిటర్ అయితే కదిలించకూడదు.

సోల్డర్‌పొగ: గిటార్‌లో ఉన్నదాన్ని తీయమనలేదు సార్, కొత్తగా కొనొద్దన్నాను.

తీగలపిచ్చి: నెక్ వైరు జాయింట్ ఊడింది! మళ్లీ అతికిస్తే 7.6 వచ్చింది. బ్రిడ్జ్ పాట్ కొలిస్తే 250 కేనే. ఇక 500 కే ఆర్డర్ పెడతాను. ఏది చూసి కొనాలి?

ఆరోతీగ: ఆడియో టేపర్ (తిప్పేకొద్దీ చెవికి సమంగా పెరిగే రకం) తీసుకోండి. పాత పాట్ మెడ (రంధ్రంలోంచి పైకొచ్చే మరల భాగం) పొడవు కొలవండి, పైచెక్క మందంగా ఉంటే లాంగ్ షాఫ్ట్ కావాలి. అమెరికన్ పాట్ మెడ లావు 3/8 అంగుళం, మెట్రిక్ కొలతలవి ఇంకా సన్నం, రంధ్రంలో వదులవుతాయి. నాబ్‌కు స్ప్లైన్ (షాఫ్ట్ మీది పళ్లు) కుదురుతుందో లేదో కూడా చూడండి. తీసిన పాట్ కవర్లో వేసి కేసులో పడేయండి.