12 అంగుళాల సబ్‌వూఫర్‌కి పెట్టె: ఎన్ని లీటర్లు, పైపు ఎంత పొడవు?

ప్రశ్న (అమలాపురం):
నమస్కారమండి. ఇంట్లో సినిమాలకి 12 అంగుళాల సబ్‌వూఫర్ తీసుకున్నాను. దాని కాగితంలో ఎఫ్ఎస్ (స్పీకర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 28 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊగుడు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే మొత్తం అంకె) 0.38, క్యూఈఎస్ (అందులో కాయిల్, అయస్కాంతాల వంతు) 0.41, వీఏఎస్ (కోన్ బిగువుకి సమానమైన గాలి పరిమాణం) 70 లీటర్లు అని ఉంది. మూసిన పెట్టె మంచిదా, పైపు పెట్టిందా? ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) వాడొచ్చా? లోపల కొబ్బరి పీచు పరవచ్చా? ఇక్కడ ఎంత కావాలన్నా దొరుకుతుంది.

జవాబు (భీమవరం):
సైజు చూసి రెడీమేడ్ పెట్టె కొనకండి. 12 అంగుళాల డ్రైవర్లన్నీ (పెట్టె లేని స్పీకర్లు) ఒకే పెట్టెకి సరిపోవు. ఎఫ్ఎస్‌ని క్యూఈఎస్‌తో భాగిస్తే మీకు 68 వస్తుంది. 50 లోపు వస్తే మూసిన పెట్టె, 100 దాటితే పైపు పెట్టె. మీది మధ్యలో ఉంది కాబట్టి రెండూ కుదురుతాయి.

మూసిన పెట్టె అయితే 28 లీటర్లు. పెట్టెలో పెట్టాక మొత్తం క్యూ 0.707 దగ్గర, అంటే మోత ఎక్కడా ఉబ్బకుండా సమంగా కుదురుతుంది గానీ, 52 హెర్ట్జ్ కిందకి మోత తగ్గిపోతూ వస్తుంది. సినిమాలకి అది చాలదు. పైపుతో అయితే 65 లీటర్లు, ట్యూనింగ్ (పైపులో గాలి ఊగే ఫ్రీక్వెన్సీ) 28 హెర్ట్జ్. లోపలి వ్యాసం 10 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు 39 సెం.మీ. పొడవు, ముందు పలక మందంతో కలిపి.

ఆ 65 నికరం. డ్రైవర్‌కి 3, పైపుకి మూడున్నర, అడ్డకర్రలకి రెండున్నర లీటర్లు కలిపితే 74 అవుతుంది. లోపలి కొలతలు 34 × 46 × 48 సెం.మీ. పెట్టండి. పైపు చివరకీ వెనక పలకకీ మధ్య కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండాలి. లోతు 48 పెట్టింది అందుకే.

ఆంప్‌లో 25 హెర్ట్జ్ దగ్గర సబ్‌సోనిక్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలని ఆపేది) తప్పకుండా వేయండి. ట్యూనింగ్ కిందకి వెళితే పెట్టెలో గాలి కోన్‌ని పట్టి ఉంచదు. వాయిస్ కాయిల్ (కోన్‌కి అంటుకున్న తీగచుట్ట) వెళ్లి వెనక ప్లేటుకి కొట్టుకుంటుంది.

జవాబు (పాలకొల్లు):
మన వానాకాలం చెమ్మకి ఎండీఎఫ్ అంచులు ఉబ్బి స్క్రూలు వదిలేస్తాయి. ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ ప్లై గుర్తు) ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి. కోసిన అంచులకి, లోపలి గోడలకి కూడా రెండు చేతులు వార్నిష్ పడాలి. ప్రతి మూలకీ లోపలి నుంచి ఫెవికాల్ వేలితో మెత్తండి. సన్నటి సందు మిగిలినా గాలి చీదుతుంది.

పీచు వద్దండి. చెమ్మ పట్టి బూజొస్తుంది, నలుసులు కాయిల్ సందులోకి పోతాయి. దిండ్లలో వేసే పాలిస్టర్ దూది ఒక అంగుళం మందాన గోడలకి అంటించండి. పైపు నోటి దగ్గర మాత్రం వద్దు.

ప్రశ్న (అమలాపురం):
చాలా థాంక్సండి. పెట్టె పెట్టే చోట లోతు 40 సెం.మీ. దాటకూడదు. 3 అంగుళాల పైపు వేస్తే పొడవు తగ్గుతుందా?

జవాబు (భీమవరం):
తగ్గుతుంది. 7.5 సెం.మీ. వ్యాసానికి ఇరవైన్నర చాలు. కానీ గట్టిగా పెట్టారంటే ఆ ఇరుకు నోట్లోంచి గాలి బుసకొడుతుంది, పేలుడు సీన్లలో అదే వినిపిస్తుంది. 4 అంగుళాల పైపే ఉంచి లోపల ఎల్బో వేసి తిప్పండి. పొడవుని మధ్య గీత వెంట కొలవాలి. లోతు తగ్గిన మేరకు ఎత్తు పెంచి లీటర్లు నిలబెట్టుకోండి.

పైపుని ముందు 4 సెం.మీ. ఎక్కువగానే కోయించండి. ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో పెట్టి, ఫోన్‌లో టోన్ యాప్‌తో 15 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పోనివ్వండి. స్పీకర్ తీగల మధ్య మల్టీమీటర్‌తో చూస్తే ఏసీ వోల్టులు రెండు చోట్ల పెరుగుతాయి. ఆ రెండింటి మధ్య బాగా పడిపోయిన చోటే మీ ట్యూనింగ్. 28 కంటే తక్కువ వస్తే పైపు కొద్దికొద్దిగా కోయండి. 2 సెం.మీ.కి అర హెర్ట్జ్ పైచిలుకు పెరుగుతుంది. అది సరిపోయాకే పైపుని అంటించండి.